మూయకుండా వదిలిన షటిల్ పేజీ

"మీ తమ్ముణ్ణి జైల్లో వేయించాలని ఎప్పుడనుకున్నారమ్మా?" అని అడిగాడు డిటెక్టివ్ నింపాది.

షాపు యజమానురాలు చేతిలోని కుట్టుమిషన్ బాబిన్‌ను గుడ్డతో తుడుస్తూనే ఉంది. తల ఎత్తలేదు.

"వాడు నా వెబ్‌సైటును ముంచినప్పుడు."

"ముంచినప్పుడా, మునిగిందని తెలిసినప్పుడా?"

"రెండిటికీ తేడా ఏముంది?"

"నాకూ తెలీదు. అందుకే అడిగాను."

కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి నవ్వాడు. పోలీసు ఉద్యోగం పోయి ఆరేళ్ళయినా ఆ నడకా, ఆ నవ్వూ అతన్ని వదల్లేదు. అందుకే అతన్ని అందరూ మాజీ అంటారు. ఇప్పుడు సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీలో విచారణలు చూస్తున్నాడు. యజమానురాలి తమ్ముడు ఆ కంపెనీలోనే ఇంజినీరు.

"నువ్విలా ఒక్కో ప్రశ్నా నానబెడుతూ కూచుంటే నాలుగవుతుంది," అన్నాడు మాజీ. "నాలుగింటికి నేను ఫిర్యాదు పట్టుకుని స్టేషన్లో ఉండాలి. నీకు నింపాది అని ఎవరు పెట్టారో గాని సరిగ్గా పెట్టారు."

"మా మేనమామ," అన్నాడు డిటెక్టివ్.

గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది.

అది పాత కుట్టుమిషన్ల విడిభాగాలు అమ్మే షాపు. మేడ మీద ఆఫీసు, కింద సామాను గది. తమ్ముణ్ణి అక్కడే కూచోబెట్టారు. యజమానురాలి భర్త పదిహేడేళ్ళు కూచుని, ఒక్కో భాగానికి ఒక్కో పేజీ చొప్పున సొంతంగా సైటు రాశాడు. ఏ దేశంలో ఏ దర్జీ పాత మిషన్ ముందు తల పట్టుకుని ఆ భాగం పేరు సెర్చ్‌లో కొట్టినా మొదట ఈ షాపే కనబడేది. భర్త పోయి పద్నాలుగు నెలలైంది. పాత సర్వరు నెమ్మదించిందని, రెండు నెలల క్రితం సైటును తమ్ముడు తన కంపెనీ సర్వర్లోకి మార్చాడు. ఆ తర్వాత పేజీలు ఒక్కొక్కటే సెర్చ్‌లోంచి మాయమయ్యాయి. నా తమ్ముడు కావాలనే నా షాపును చంపాడని ఆమె కంపెనీకి రాసింది. నేరం రుజువైతే జైలు. జైలు తప్పినా ఇక ఎవరూ అతని చేతికి సర్వరు తాళాలివ్వరు.

తమ్ముడి భార్య పొద్దున్నే నింపాది ఇంటి తలుపు తట్టింది. "మా వదినేమో పంతం పట్టింది. ఈయనేమో నోరు విప్పడు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నానండీ," అంది. అంతకు మించి ఆమె చెప్పిందీ లేదు, అతను అడిగిందీ లేదు.

"సైటు మార్చటమంటే ఏం చేస్తారు?" అని నింపాది మాజీని అడిగాడు.

"ఇది కూడా తెలీకుండా కేసు పట్టావా?"

"తెలుసు. నీకెంత తెలుసో చూద్దామని."

మాజీ ముఖం బిగిసింది. యజమానురాలు వింటోంది కాబట్టి జవాబు చెప్పక తప్పలేదు.

"ఇల్లు మారినట్టే. పాత సర్వర్లో ఉన్నదంతా కొత్తదాన్లోకి కాపీ చేస్తారు. పేజీల అడ్రసుల్లో ఒక్క అక్షరం కూడా మారకూడదు. మారితే సెర్చ్ ఇంజను పాత అడ్రసుకొచ్చి తలుపు కొట్టి, ఎవరూ లేరని పేజీని కొట్టేస్తుంది. ఫలానా చోటికి మారామన్న కబురు లోకంలో అన్ని కంప్యూటర్లకూ చేరేదాకా పాత సర్వరు కూడా నడుస్తూనే ఉండాలి."

"అడ్రసులు మారాయా?"

"లేదు."

"పాత సర్వరు నడిపాడా?"

"నెల్లాళ్ళు నడిపాడు. సొంత ఖర్చుతో."

"మరి తప్పెక్కడ?"

"బోర్డు దగ్గర. కొత్త సర్వర్లో సామాను సర్దుతున్నంతకాలం సెర్చ్ ఇంజన్లు లోపలికి రావద్దని సైటుకు ఒక బోర్డు పెడతారు. మొత్తానికి ఒకటే టిక్కు. తలుపులు తెరిచిన రోజున దాన్ని తీసేయాలి. ఇతను తియ్యలేదు. నేను పాతిక పేజీలు తెరిచి చూశాను. ప్రతి పేజీ రావద్దనే అంటోంది."

"నెల్లాళ్ళు పాత ఇంటి అద్దె కట్టుకున్నవాడు కొత్తింటి తలుపు తెరవటం మరచిపోయాడా?"

"మరచిపోవటమేంటి?" అంది యజమానురాలు చటుక్కున. "కావాలని చేశాడు. ఆయన కష్టమంటే వాడికి మొదట్నుంచీ కళ్ళమంట."

బాబిన్ తళతళలాడుతోంది. ఆమె ఇంకా తుడుస్తోంది.

నింపాది లేచి కంప్యూటరు ముందు కూచున్నాడు. "సైటు లోపలి గది తెరవండమ్మా."

ఆమె వచ్చి వంగి పాస్‌వర్డు కొట్టింది. తెర మీద ఆమె భర్త పేరు పడింది.

"పోయినాయన పేరుతోనే తెరుస్తారా?"

"మాకు ఉన్నది అదొక్కటే. నేనూ వాడూ దాంతోనే వెళ్తాం."

"ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు."

నింపాది సెట్టింగుల్లోకి వెళ్ళి ఒకచోట ఆగాడు. "ఇలా రా," అని మాజీని పిలిచాడు. "నువ్వు చెప్పిన బోర్డు ఇదేనా?"

మాజీ వంగి చూశాడు. ఆ గడి ఖాళీగా ఉంది. టిక్కు లేదు.

"తలుపు తెరిచిన రోజే తీసేశాడు," అన్నాడు నింపాది. "నువ్వు వీధిలోంచి చూసి, రావద్దంటోంది కాబట్టి బోర్డు ఉందనుకున్నావు. లోపలికొచ్చి చూళ్ళేదు."

"మరి పేజీలు ఎందుకలా అంటున్నాయి?"

నింపాది ఒక పేజీ తెరిచి అడుగుకు జరిపాడు. అక్కడ ఆ పేజీ ఒక్కదానికి సంబంధించిన చిన్న గడి ఉంది. అందులో టిక్కు ఉంది. ఇంకో పేజీ తెరిచాడు. అందులోనూ ఉంది. మరో పది చూశాడు.

"మరచిపోతే ఒక్కచోట మరచిపోతారు. ఇది కూచుని చేసిన పని. ఒక్కో పేజీ తెరిచి, కిందికి జరిపి, టిక్కు పెట్టి, మూసి, మళ్ళీ ఇంకోటి. మార్పుల తేదీలు ఇక్కడే ఉన్నాయి చూడు. తలుపులు తెరిచిన పదిరోజుల తర్వాత మొదలైంది. అయిదు మధ్యాహ్నాలు పట్టింది."

మాజీ ఒక్క క్షణమే తడబడ్డాడు. వెంటనే నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఇంకా మంచిదేగా. పొరపాటున జరిగిందని వాడు తప్పించుకునే దారి కూడా నువ్వే మూసేశావు. కూచుని, పగతో చేశాడు. నీకు ఫీజిచ్చేది వాడి పెళ్ళామే కదూ? పాపం."

నింపాది పట్టించుకోలేదు. పేజీలను టిక్కు పడిన వేళల వరసలో పెట్టాడు. ఆ జాబితాను పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. సైటులో భాగాలన్నీ మిషన్ నంబర్ల వరసలో ఉంటాయి. టిక్కులు ఆ వరసలో పడలేదు. అక్షరాల వరసలోనూ పడలేదు. బాబిన్ కేసు పక్కన బెల్టు పడింది. బెల్టు పక్కన ఎత్తు తగ్గించే మర.

అతను కుర్చీలోనే వెనక్కి తిరిగాడు. ఎదురు గోడ నిండా చెక్క సొరుగులున్నాయి. వేటికీ చీటీలు లేవు. ఏ సొరుగులో ఏముందో దాని ముఖానికి తీగతో కట్టిన నమూనా ఒక్కటే చెబుతుంది. నింపాది గోడ దగ్గరకు వెళ్ళి, ఎడమ పక్క పైసొరుగు మీద వేలు పెట్టాడు.

"జాబితా పైకి చదువు," అన్నాడు.

"నేనేం నీ గుమస్తానా?"

"చదవండి," అంది యజమానురాలు. ఆమె గొంతు మారింది.

మాజీ పళ్ళు బిగించి చదివాడు. "బాబిన్ కేసు."

నింపాది వేలి కింద తీగకు వేలాడుతున్నది బాబిన్ కేసు.

"తోలు బెల్టు."

వేలు పక్కకు పోలేదు. కింది సొరుగు మీదికి దిగింది. అక్కడ బెల్టు ముక్క ఉంది.

"ఎత్తు మర. పాదం. పాదం స్ప్రింగు."

వేలు సొరుగు మీంచి సొరుగు మీదికి నిలువునా దిగుతూ పోయింది. నేల దాకా వెళ్ళి, మళ్ళీ పక్క వరస పైనుంచి మొదలెట్టింది. మాజీ చదివే ప్రతి పేరుకూ అక్కడ ఒక నమూనా వేలాడుతోంది. మూడో వరస సగంలో వేలు ఆగిపోయింది.

"పళ్ళచక్రం," అన్నాడు మాజీ.

"కాదు. ఇక్కడున్నది షటిల్, కింది దారం తిప్పే భాగం. పళ్ళచక్రం దీని కింద ఉంది."

"ఇక్కడ పళ్ళచక్రమనే ఉంది."

"షటిల్ పేజీ తెరిచి చూడు."

మాజీ తెరిచాడు. గడి ఖాళీగా ఉంది. ఫోను తీసి సెర్చ్‌లో ఆ షటిల్ పేరు కొట్టాడు. మొదటి వరసలో ఈ షాపే ఉంది.

"అయితే ఏంటట?" అన్నాడు మాజీ. "ఇన్నిట్లో ఒకటి వాడి కంట పడలేదు."

యజమానురాలు బాబిన్‌ను బల్ల మీద పెట్టింది. గుడ్డను నాలుగు మడతలు వేసింది.

"మీరు కాసేపు కిందికి వెళ్ళండి," అంది మాజీతో. "మా తమ్ముడు అక్కడే ఉన్నాడో లేదో చూడండి."

"మేడమ్, ఈయన మాటలు పట్టుకుని మీరు..."

"పాతిక పేజీలు చూశానన్నారు. ఈయన చూసింది మీరెందుకు చూళ్ళేదు? మిమ్మల్ని ఆ పోలీసు ఉద్యోగంలోంచి ఎందుకు తీసేశారో ఇప్పుడు తెలిసింది. వెళ్ళండి."

మాజీ మెడ ఎర్రబడింది. అతను పోతూ పోతూ నింపాది వైపు చూసిన చూపును నింపాది గుర్తుపెట్టుకున్నాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు తగ్గిపోయింది.

"ఈ సొరుగుల్లో ఏ వరసలో ఏముందో మీ తమ్ముడికి తెలుసా అమ్మా?"

"వాడికి సూది తప్ప ఇంకోటి తెలీదు." సొరుగుల వైపు చూసి, "దుమ్ము నేను నిలువుగా దులుపుతాను. ఆయన అడ్డంగా దులిపేవారు. దాని మీద మాకు రోజూ పోట్లాటే," అంది.

అంతకంటే తిన్నగా ఎవరూ నేరం ఒప్పుకోరు. నింపాది స్టూలు లాక్కుని కూచున్నాడు.

"షటిల్ ఎందుకు వదిలారు?"

ఆమె కంప్యూటరు తెరను అతని వైపు తిప్పింది. మిగతా పేజీల్లో ప్రతి భాగాన్నీ గళ్ళ కాగితం మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీశారు. ఈ ఒక్క పేజీలో షటిల్ ఒక మగమనిషి అరచేతిలో ఉంది. బొటనవేలి గోరు మీద పాత దెబ్బ మచ్చ.

"ఇది ఆయన రాసిన మొదటి పేజీ. అప్పటికింకా స్కేలు పెట్టాలని తోచలేదు," అంది. "మూడుసార్లు టిక్కు పెట్టాను. మూడుసార్లూ నేనే తీసేశాను."

"ఎందుకు చేశారమ్మా ఇదంతా?"

"కిందికెళ్ళి షటరు ముందున్న ఆ వాలు చూడండి. ఆయన పోయిన రోజు అక్కడే షటరు దించుతున్నారు. వీడు వ్యానును ఆయన మీదికి వెనక్కి తీశాడు. చూసుకోలేదట. బ్రేకు పట్టలేదట. పోలీసులకు అదే చెప్పాడు. వాళ్ళు ప్రమాదమని రాసుకుని వదిలేశారు. అంతకు కాసేపటి ముందే సామాను తెచ్చి వ్యాను అక్కడ పెట్టింది నేను. బ్రేకు వేసి దిగాను. కదలకుండా ఉన్నదాన్ని వీడెందుకు కదిపాడు? పద్నాలుగు నెలలుగా అడుగుతున్నాను. అడిగితే నేల చూస్తాడు. ఆదివారం ఆదివారం వచ్చి, సైటు బాగుచేసి, నా చేత్తో ఇచ్చిన టీ తాగి వెళ్తాడు. ఎలా తాగుతాడండీ?"

"అందుకని ఆయన కష్టాన్నే పణం పెట్టారా?"

"పోదు. టిక్కులు తీసేస్తే కొన్ని వారాల్లో మళ్ళీ పైకొస్తాయి. ఆ సంగతీ వాడే నేర్పాడు." ఆమె మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "నా పేజీలు తిరిగొస్తాయి. వాడి పేరు తిరిగి రాదు. ఆ పనికి వాడికి శిక్ష పడలేదు. ఈ పనికి పడుతుంది. ఏ పనికి పడితే నాకేం?"

నింపాది గోడ గడియారం చూశాడు. మూడున్నర కావస్తోంది.

"తమ్ముడితో ఒక మాట మాట్లాడొస్తాను," అన్నాడు.

"చేసింది నేనని చెప్పుకోండి. వాడికి తెలిసినా నాకు భయం లేదు. వాడి మాట ఎవరు నమ్ముతారు?"

సామాను గదిలో మాజీ లేడు. తమ్ముడు ఒక అట్టపెట్టె మీద కూచుని ఉన్నాడు. చాలా పొడుగు మనిషి. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. నింపాది అతన్ని పలకరించకుండా తెరిచి ఉన్న షటరు దాటి బయటికి వెళ్ళాడు. వాలు పక్కన గోడ వారగా వ్యాను ఉంది. ఆ రోజు పక్కకు నెట్టింది నెట్టినట్టే వదిలేశారు. టైర్లలో గాలి పోయి అది చతికిలబడింది. అద్దం మీది దుమ్మును నింపాది మోచేత్తో తుడిచి, లోపలికి చూసి, తిరిగొచ్చాడు.

"టిక్కులు పెట్టింది మీ అక్క," అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"రెండో రోజు నుంచే. తీసేద్దామని రెండుసార్లు లోపలికెళ్ళాను."

"తియ్యలేదే?"

"ఇలాగైనా అక్క కోపం తీరుతుందేమోనని."

"జైలుకెళ్ళినా సరేనా?"

"అక్కకు నిద్ర పడితే చాలండి. మా ఆవిడే పాపం అన్యాయమైపోతోంది."

"అయితే వ్యాను ఎందుకు కదిపావో అక్కకు చెప్పు."

తమ్ముడు నేల చూశాడు.

"డ్రైవరు సీటు స్టీరింగుకు ఆనుకుని ఉంది," అన్నాడు నింపాది. "మీ అక్క కాళ్ళకు సరిపోయేట్టు. అది వెనక్కి జరపకుండా నువ్వా సీట్లో కూచోలేవు. నీ మోకాళ్ళు పట్టవు. ఆ వ్యాను నువ్వు నడపలేదు."

అట్టపెట్టె కిర్రుమంది. తమ్ముడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మాట వేళ్ళ సందుల్లోంచి వచ్చింది.

"నేను సందు మలుపు తిరిగేసరికి అది జారుతోందండి. బండిలో ఎవరూ లేరు. బావ వీపు ఇటు ఉంది. కేక వేశాను. వినపడేలోపే అయిపోయింది. తలుపు తీసి చూస్తే హ్యాండ్ బ్రేకు కిందికే ఉంది. అక్క వేశాననుకుంది, వెయ్యలేదు. నేను పైకి లాగాను. అప్పటికే అక్క మెట్లు దిగుతోంది. ఏమైందిరా అంది. నేనే వెనక్కి తీశానక్కా అన్నాను. నోటికి అదే వచ్చింది."

"ఇన్నాళ్ళూ..."

"నన్ను తిట్టుకుంటూ బతుకుతోంది. తనను తాను తిట్టుకోవాల్సొస్తే బతకదండి. దయచేసి చెప్పకండి."

షటరు పక్కన నీడ కదిలింది. మాజీ లోపలికి వచ్చాడు. బయట గోడ వారగా నిలబడి ఎంతసేపట్నుంచి వింటున్నాడో, అతని ముఖంలో ఇందాకటి ఎరుపు లేదు. కడుపు నిండిన మనిషిలా ఉన్నాడు.

"మొగుడి మీదికి బండి వదిలింది ఆవిడే అన్నమాట," అన్నాడు. "నా ఉద్యోగం ఎందుకు పోయిందో తెలిసిందట ఆవిడకి. ఆవిడ మొగుడెందుకు పోయాడో కూడా తెలియాలి కదా."

నింపాది వెళ్ళి మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. "అది నీ కేసు కాదు."

"నాచేత సొరుగుల పేర్లు చదివించావే, అది నా కేసా? జరుగు. ఈ ఒక్క మాట చెవిన పడితే ఆవిడ మా కంపెనీ మీద మళ్ళీ నోరెత్తదు."

"ఫిర్యాదు ఆపమని నేను చెప్తాను. నువ్వు పైకి మాత్రం వెళ్ళకు."

"బతిమాలుతున్నావా? బాగుంది. ఇంకోసారి అను."

"బతిమాలుతున్నాను," అన్నాడు నింపాది.

మాజీ భుజంతో అతన్ని గోడకు నెట్టి రెండు మెట్లు ఎక్కాడు. నింపాది చొక్కా పట్టి లాగాడు. గుండీ ఊడి మెట్ల మీద దొర్లింది. పైన తలుపు తెరుచుకుంది.

"ఏమిటా గొడవ?" అంది యజమానురాలు. మెట్ల పైన కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"మేడమ్," అన్నాడు మాజీ రొప్పుతూ, "మీ వ్యాను సంగతి మీకొకటి..."

"నేనే చేశానక్కా!"

తమ్ముడు వాళ్ళిద్దరినీ తోసుకుని మెట్ల మధ్యకు వచ్చేశాడు. మాజీ వైపు తిరిగి, చేతులు రెండూ సంకెళ్ళకు చాపినట్టు చాపాడు.

"పేజీలన్నీ నేనే మూశాను. కావాలనే మూశాను. కుళ్ళుతో చేశాను. ఏం రాసుకుంటారో రాసుకోండి, సంతకం పెడతాను. నన్ను ఇప్పుడే తీసుకుపోండి. ఆవిడతో మీకింక పని లేదు కదా. పదండి."

మాజీ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. నాలుగింటి లోపు అతనికి కావలసింది అదే. అడక్కుండానే చేతికొచ్చింది. చొక్కా సర్దుకుని, తమ్ముడి మోచెయ్యి పట్టుకున్నాడు.

పైన ఆమె కదల్లేదు. ఆ పేజీలు ఎవరు మూశారో ఆమె కంటే బాగా ఎవరికీ తెలీదు. ఆమె చేసిన పనిని తన పనిగా అరిచి చెప్పుకుంటున్న తమ్ముడి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. పద్నాలుగు నెలల క్రితం ఇవే మెట్లు దిగుతున్నప్పుడు, ఇంత తొందరగానే, ఇదే గొంతుతో వాడు ఇంకో మాట చెప్పాడు.

ఆమె కమ్మీ వదిలి ఒక మెట్టు దిగింది. వాళ్ళందరి తలల మీదుగా, తెరిచి ఉన్న షటరు లోంచి వాలు వైపు చూసింది.

"తమ్ముడూ," అంది. "ఆ రోజు వ్యాను నువ్వు కదపలేదు కదూ?"